పిల్లల కంటే ముందు పేపరుకు పరీక్ష పెడదాం
(గూడెం బడి వాలంటీర్ల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం)



ఈ వేసవిలో మనం ఒక పని నెత్తిన పెట్టుకున్నాం. గూడెం గూడెం తిరిగి పిల్లల్ని కూర్చోబెట్టి, ఎవరికి ఎంతవరకు చదవడం వచ్చింది, చదివింది ఎంత అర్థమవుతోంది అని చూస్తాం. ఆ లెక్క పట్టుకుని బడికి పోతాం, ఐటీడీఏకి పోతాం, టీచర్లు కావాలని అడుగుతాం. మంచి పని. నిన్న సాయంత్రం మీరంతా తయారుచేసిన పేపర్లు చూశాను. కష్టపడ్డారు, అది కనిపిస్తోంది. కానీ వాటిలో చాలా పేపర్లు హాస్టళ్లలో మనకు పెట్టిన పేపర్లకు జిరాక్సు కాపీల్లా ఉన్నాయి. ఖాళీలు పూరించుము, జతపరచుము, ప్రకృతి వికృతులు రాయుము. మనల్ని చివరి బెంచీలో కూర్చోబెట్టిన పేపరు అదే. దాన్నే మనం మన చెల్లెళ్ల ముందు పెట్టబోతున్నాం.

ఇది చిన్న విషయం అనుకోకండి. "ఫలానా గూడెంలో పిల్లలకు చదువు రాదు" అని మనమే రాసి, మన సంతకం పెట్టి ఇచ్చామనుకోండి. రేపు ఆఫీసులో ఎవరైనా దాన్ని మనకే చూపించి, "మీవాళ్లే చెప్పారు కదా, మీ పిల్లలకు బుర్ర లేదని" అంటారు. అప్పుడు ఏం జవాబు చెప్తాం? పేపరు తప్పుగా ఉంటే దాని నుంచి వచ్చే లెక్క కూడా తప్పే. అందుకే ఈ రోజు పిల్లల గురించి కాదు, పేపరు గురించి మాట్లాడుకుందాం. భాషా పరీక్ష ఎట్లా ఉండాలి, ఎట్లా ఉండకూడదు అని.

ముందు ఒక సంగతి. పరీక్ష అనేది తక్కెడ లాంటిదని అందరూ అనుకుంటారు. ఎవరు పెట్టినా ఒకటే బరువు చూపిస్తుందని. కానీ సంతలో మనకు బాగా తెలుసు, తక్కెడలోనే మోసం ఉండొచ్చు. 1901లో ఆస్ట్రేలియా ప్రభుత్వం తమ దేశానికి తెల్లవాళ్లు తప్ప ఇంకెవరూ రాకూడదని ఒక చట్టం చేసింది. రంగు పేరు చెప్పి ఆపితే బాగుండదని డిక్టేషన్ పరీక్ష పెట్టారు. 50 మాటలు చెప్తారు, రాయాలి. ఏ యూరప్ భాషలో చెప్పాలో ఆఫీసరు ఇష్టం. మనిషికి ఇంగ్లీషు వస్తే ఇంకో భాషలో చెప్తారు. 1934లో ఎగాన్ కిష్ అనే రచయిత వెళ్లాడు. ఆయనకు చాలా యూరప్ భాషలు వచ్చు. అందుకని ఆయనకు స్కాట్లండ్‌లో కొద్దిమంది మాట్లాడే గేలిక్ భాషలో డిక్టేషన్ పెట్టారు. ఆయన కోర్టుకెక్కి గెలిచాడు. ఆ పరీక్ష మాత్రం 1958 దాకా నడిచింది. అంటే భాషా పరీక్షను తలుపులా కూడా వాడొచ్చు, తాళంలా కూడా వాడొచ్చు. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఏ భాషలో పెట్టారు అని అడగకుండా మార్కులు ఒక్కటే చూస్తే మనకు నిజం తెలియదు.

ఇంకొకటి మనకు మరీ దగ్గరిది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో మెక్సికన్ కుటుంబాల పిల్లలు కొందరికి తెలివితేటల పరీక్ష ఇంగ్లీషులో పెట్టి, మార్కులు రాలేదని బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తరగతుల్లో వేశారు. వాళ్ల ఇంట్లో భాష స్పానిష్. 9 మంది పిల్లల తరఫున 1970లో కోర్టుకు వెళ్లారు. దాన్ని డయానా కేసు అంటారు. అదే పిల్లలను స్పానిష్‌లో మళ్లీ పరీక్షిస్తే వాళ్లలో ఎక్కువమంది ఆ తరగతుల్లో ఉండాల్సినవాళ్లే కాదని తేలింది. చివరికి పిల్లల ఇంటి భాషలో పరీక్షించాలని ఒప్పందం జరిగింది. మధ్యలో పిల్లలు మారలేదు, వాళ్ల బుర్రా మారలేదు. పరీక్ష భాష ఒక్కటే మారింది.

సరే, ఇప్పుడు మన పేపరు దగ్గరకు వద్దాం.

మొదటి నియమం: నువ్వు ఏం కొలుస్తున్నావో ముందు ఒక్క వాక్యంలో రాసుకో. "ఈ ప్రశ్న వల్ల పిల్లకు ఏం వచ్చో నాకు తెలుస్తుంది?" ఆ వాక్యం రాయలేకపోతే ఆ ప్రశ్న కొట్టేయి. ఉదాహరణ చెప్తాను. "ఒక వర్తకుడు 48 నారింజలను 6గురు వినియోగదారులకు సమానంగా విక్రయించిన, ఒక్కొక్కరికి లభించునవి ఎన్ని?" పిల్ల తప్పు రాసింది. ఏం రాలేదు? భాగహారం రాలేదా? "వర్తకుడు", "వినియోగదారుడు", "విక్రయించిన" అనే మాటలు రాలేదా? మనకు తెలియదు. అదే పిల్లకు సంతలో 48 కాయలు ఇచ్చి ఆరు కుప్పలు పెట్టమంటే చకచకా పెట్టేస్తుంది. ఒక ప్రశ్నలో రెండు సంగతులు కలిపేస్తే, తప్పు ఎక్కడ జరిగిందో కనిపించదు. లెక్క చూడాలంటే లెక్కే చూడు, ఆమె భాషలో అడుగు. తెలుగు చూడాలంటే తెలుగే చూడు, లెక్క మధ్యలోకి తేకు.

రెండో నియమం: భాష అంటే నాలుగు పనులు. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం. మన బళ్లలో పరీక్షంతా నాలుగోదాని మీదే ఉంటుంది. కథ విని చక్కగా తిరిగి చెప్పగలిగిన పిల్ల ఉంటుంది, కాగితం మీద రెండు వాక్యాలు రాయలేదు. ఆమెకు తెలుగు రాదని రాస్తే అబద్ధం. "వింటే అర్థమవుతోంది, చెప్పగలుగుతోంది, రాయడం ఇంకా నేర్చుకోవాలి" అని రాస్తే నిజం. ఆ నిజం తెలిస్తేనే రేపటి నుంచి ఆమెకు ఏం నేర్పాలో తెలుస్తుంది. కాబట్టి మన పేపరులో నాలుగూ విడివిడిగా ఉండాలి, నాలుగింటికీ విడివిడిగా గుర్తు పెట్టాలి. మొత్తం కలిపి వందకు ఇన్ని అని ఒక్క అంకె వేయకండి. ఆ ఒక్క అంకెలో పిల్ల మాయమైపోతుంది.

మూడో నియమం: కంఠస్థం వేరు, భాష వేరు. పుస్తకంలో ఉన్న పాఠం నుంచే ప్రశ్న ఇస్తే, జవాబు కూడా నోట్సులో ఉన్నదే రాస్తే, అది జ్ఞాపకానికి పెట్టిన పరీక్ష అవుతుంది. చదవడం వచ్చో రాదో చూడాలంటే ఆమె ఎప్పుడూ చూడని పేరా ఇవ్వాలి.

అది ఇచ్చినా సరిపోదు. ఇప్పుడు అందరూ ఒక వాక్యం వినండి. "బుమరాలు డొరిపిలో నుక్కెర పెట్టింది." దీనికి అర్థం లేదు, నేనే కల్పించాను. ఇప్పుడు అడుగుతున్నాను: నుక్కెర పెట్టింది ఎవరు? బుమరాలు. ఎక్కడ పెట్టింది? డొరిపిలో. చూశారా, అందరికీ రెండుకు రెండు మార్కులు! ఒక్క ముక్క అర్థం కాకుండానే. మన పేపర్లలో సగం ప్రశ్నలు ఇట్లాంటివే. ప్రశ్నలో ఉన్న మాటను పేరాలో వెతికి, పక్కనున్న మాట ఎత్తి రాస్తే చాలు. పిల్లలు ఈ కిటుకు తొందరగా పట్టేస్తారు. మార్కులు వస్తాయి, చదువు రాదు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి కూలబడిపోతారు. అందరూ "అయ్యో, మొన్నటిదాకా బాగానే చదివేదే" అంటారు.

మరి ప్రశ్న ఎట్లా ఉండాలి? ఈ చిన్న పేరా చూడండి. "జోగయ్య తెల్లవారకముందే లేచాడు. వెదురు కొమ్ముల బుట్ట నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు. వాగు దగ్గరకు వచ్చేసరికి నీళ్లు నడుము దాటి పారుతున్నాయి. గట్టు మీద కూర్చున్నాడు. సంతకు చేరేసరికి జనం ఇళ్లకు తిరిగి వెళ్తున్నారు."

ఒక ప్రశ్న: "తెల్లవారకముందే లేచింది ఎవరు?" ఇది నుక్కెర ప్రశ్న. రెండో ప్రశ్న: "వెదురు కొమ్ములు ఏ కాలంలో దొరుకుతాయి?" ఇది మన పిల్లలకు పేరా చదవకుండానే తెలుసు, కాబట్టి ఇది చదవడానికి పరీక్ష కాదు. మూడో ప్రశ్న: "జోగయ్యకు సంతకు ఎందుకు ఆలస్యమైంది?" ఇదీ ప్రశ్న అంటే. "ఆలస్యం" అనే మాట పేరాలో లేదు. వాగు పొంగింది, దిగేదాకా ఆగాడు అని పిల్ల తానే కలుపుకోవాలి. నాలుగోది: "ఆ రోజు అతని కొమ్ములు అమ్ముడుపోయి ఉంటాయా? ఎందుకనుకుంటున్నావు?" దీనికి ఒక్కటే జవాబు ఉండదు, కారణం సరిగ్గా చెప్తే చాలు.

ఇక్కడే నాలుగో నియమం ఉంది: పేరా పిల్లల బతుకుకు దగ్గరగా ఉండాలి, కానీ జవాబు ముందే తెలిసిపోయేంత దగ్గరగా కాదు. లిఫ్టు, ట్రాఫిక్ సిగ్నలు, పుట్టినరోజు కేకు మీద పేరా పెడితే పట్నం పిల్ల సగం జవాబు ఇంటి నుంచే తెచ్చుకుంటుంది. మన పిల్ల భాషతోపాటు ఆ బతుకును కూడా ఊహించుకోవాలి. ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టాం అంటాం గానీ ఒకరిని పది అడుగులు ముందు నిలబెట్టాం. అట్లాగని అన్నీ ఇప్పపూలు, తునికాకు, కొత్తల పండుగ మీదే పెడితే అవి మనకు కంఠస్థం లాంటివి. మనకు తెలిసిన చోట తెలియని సంఘటన జరగాలి. వాగు తెలుసు, జోగయ్యకు ఆ రోజు ఏమైందో తెలియదు. అట్లా ఉండాలి.

ఐదో నియమం మన భాషల గురించి. ఇది ప్రత్యేకంగా వినండి, ఎందుకంటే బయటివాళ్లు తయారుచేసే పేపర్లలో ఇది ఎప్పుడూ ఉండదు.

తెలుగులో "ఏరు" అంటే పారే నీటి దారి. మన కోయలో "ఏర్" అంటే నీళ్లు. తాగే నీళ్లు కూడా ఏరే. "ఏరు ఎక్కడ ఉంటుంది?" అని పేపరులో అడిగితే మన పిల్ల "కుండలో" అని రాస్తుంది. ఎర్ర ఇంకుతో ఇంటూ పడుతుంది. ఆ పిల్లకు బుర్ర లేక కాదు, రెండు భాషలు బుర్రలో ఉండబట్టి అట్లా రాసింది.

వ్యాకరణం చూడండి. తెలుగులో "అక్క వచ్చింది, ఆవు వచ్చింది" అంటారు, రెంటికీ ఒకే రూపం. ఎక్కువమంది అయితే మారిపోతుంది. "అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి." మన కోయలో, గోండిలో, కువిలో అట్లా మారదు. మగవాళ్లకు ఒక రూపం, ఆడవాళ్లకూ పశువులకూ వస్తువులకూ ఇంకో రూపం, ఒకరున్నా పదిమంది ఉన్నా ఇదే పద్ధతి. అందుకే మన పిల్ల తెలుగు రాసేటప్పుడు "అక్కలు వచ్చాయి" అని రాస్తుంది. క్లాసులో అందరూ నవ్వుతారు. నేను చదివిన బడిలో నవ్వారు, మీరు చదివిన బళ్లలోనూ నవ్వి ఉంటారు. కానీ ఆమె రాసింది పిచ్చి తప్పు కాదు. ఇంట్లో నేర్చిన నియమాన్ని బుద్ధిగా పాటించింది. ఇట్లాంటి తప్పు చూసిన టీచరుకు, ఏం నేర్పాలో అక్కడే దొరికిపోతుంది: "ఇదుగో, తెలుగులో మనుషులకు ఒక రూపం, మిగతావాటికి ఒక రూపం" అని ఒక్క రోజు కూర్చోబెట్టి చెప్తే చాలు.

సవర పిల్లలకు దారి ఇంకా దూరం. కోయ, గోండి, కొలామి, కువి, కొండ భాషలు తెలుగు లాగే ద్రావిడ భాషలు. సవర ముండా కుటుంబానిది, సంతాలీ, ముండారీలకు చుట్టం. తెలుగుతో రక్తసంబంధం లేదు. కోయ పిల్లకూ సవర పిల్లకూ తెలుగు నేర్చుకోవడంలో ఒకే వయసుకు ఒకే గీత పెట్టడం ఎట్లా కుదురుతుంది?

కాబట్టి దిద్దేటప్పుడు రెండు గుర్తులు వేయండి. మొదటిది: చెప్పదలుచుకున్నది అర్థమైందా? రెండోది: తెలుగు రూపం సరిగ్గా ఉందా? "అక్కలు వచ్చాయి" కి మొదటి గుర్తు పూర్తిగా వేయాలి, రెండోది మాత్రం ఇంకా నేర్పాలి అని రాసుకోవాలి. రెండూ కలిపి సున్నా చుట్టకండి.

"ఏ తెలుగు తెలుగు?" అనే గొడవ మనతో మొదలైంది కాదు. గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు కదా. 1910ల కాలంలో ఆయన పోరాటంలో ఒక పెద్ద భాగం పరీక్ష గురించే. స్కూల్ ఫైనల్ పిల్లలు వ్యాసం గ్రాంథికంలో రాయాలా, మాట్లాడే తెలుగుకు దగ్గరగా రాయాలా అని. అదే గిడుగు గారు సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు సవరలో చదువు చెప్పాలని బడులు పెట్టారు, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. తెలుగు పిల్లలకు తమ నోటి తెలుగులో పరీక్ష రాసే హక్కు ఉండాలన్న మనిషికి, సవర పిల్లకు సవరలో చదివే హక్కు ఉండాలని కూడా తెలుసు. ఆయన ఫొటోకు దండ వేసేవాళ్లు ఈ రెండో సగం కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఆరో నియమం: అనువాదం చేసిన పేపరు మన భాష పేపరు కాదు. కోయలో కూడా పరీక్ష పెడదాం అనుకున్నాం, బాగుంది. కానీ తెలుగు పేపరును పక్కన పెట్టుకుని మాటకు మాట కోయలోకి మార్చారు. ప్రకృతి వికృతులంటే సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన మాటల లెక్క. దానికి కోయలో ఏం పని? మన భాషకు మన బలం ఉంది. చుట్టరికాల మాటలు, చెట్ల పేర్లు, కథ చెప్పే తీరు, పొడుపు కథలు. కోయలో ఎంత వచ్చో చూడాలంటే వాటి మీద చూడాలి. ఇంకో జాగ్రత్త. గోదావరికి ఈ గట్టు కోయకూ ఆ గట్టు కోయకూ కొన్ని మాటలు తేడా ఉంటాయి. ఒక్క ఊరి మాటలతో పేపరు చేస్తే పక్క మండలం పిల్ల మళ్లీ చివరి బెంచీకే పోతుంది. కనీసం మూడు నాలుగు గూడేల పెద్దవాళ్లను కూర్చోబెట్టి, అందరూ వాడే మాటలు ఏరండి. రెండు మాటలు ఉంటే రెండూ సరైనవే అని దిద్దేవాళ్ల కాగితంలో రాయండి.

ఏడో నియమం: ఎవరు దిద్దినా ఒకే ఫలితం రావాలి. ఒకే జవాబుకు ఒక వాలంటీరు 5 వేసి, ఇంకొకరు 2 వేస్తే అది పిల్ల మార్కు కాదు, దిద్దినవాళ్ల మార్కు. ప్రతి ప్రశ్నకూ ముందే రాసుకోండి: ఏం రాస్తే 2, ఏం రాస్తే 1, ఏం రాస్తే 0. తర్వాత పది కాగితాలు ఇద్దరూ విడివిడిగా దిద్ది, పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా వచ్చిన చోట కూర్చుని మాట్లాడుకోండి. ఆ తర్వాతే మిగతావి దిద్దండి.

అదృష్టం సంగతి కూడా చూడాలి. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే ప్రశ్నలు పది ఇస్తే, కళ్లు మూసుకుని గీసిన పిల్లకు కూడా సగటున రెండో మూడో వస్తాయి. తప్పు ఒప్పు ప్రశ్నలు నాలుగే ఇస్తే, 16 మందిలో ఒకరికి ఏమీ తెలియకుండానే నాలుగుకు నాలుగు వస్తాయి. కాబట్టి ఒకటి రెండు ప్రశ్నలు చూసి పిల్ల మీద తీర్పు చెప్పకండి.

ఎనిమిదో నియమం: భయం కొలవకండి. చదువు కొలవండి. కొత్త మనిషి, చేతిలో కాగితం, చుట్టూ అందరూ చూస్తున్నారు. మన పిల్లలు నోరు మూసుకుంటారు. మీరు దాన్ని "రాదు" అని రాసుకుంటారు. ముందు ఐదు నిమిషాలు వాళ్ల భాషలో మాట్లాడండి. ఏం చేయాలో వాళ్ల భాషలోనే చెప్పండి, తెలుగు పరీక్షకైనా సరే. మార్కులు లేని ఒక నమూనా ప్రశ్న చేయించండి. 2005 నుంచి జరుగుతున్న అసర్ సర్వేలో ఒక మంచి పద్ధతి ఉంది. ఇంటి దగ్గరే ఒక్కో పిల్లతో విడిగా కూర్చుంటారు. అక్షరాలు చదివించేటప్పుడు పిల్ల తనకు ఇష్టమైన ఐదు ఎంచుకోవచ్చు, నాలుగు చదివితే వచ్చినట్టే. ఎక్కడ ఆగిపోతుందో దాని కింది మెట్టు చూస్తారు, అక్షరమా, మాటా, పేరానా, కథా అని. ఈ మెట్ల పద్ధతి మనం తీసుకోవచ్చు. "ఫెయిలు" అనే మాటే అక్కర్లేదు, "ఈ మెట్టు మీద ఉంది" అంటే చాలు.

వేగం గురించి ఒక్క మాట. 2021లో మొదలైన నిపుణ్ భారత్‌లో మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టారు. హిందీలో "వహ్ నహీఁ జా సకా" అంటే నాలుగు మాటలు. తెలుగులో "వెళ్లలేకపోయాడు" అంటే ఒక్కటే మాట. మరి నిమిషానికి 60 అంటే రెండు భాషల్లో ఒకటే బరువా? అందులోనూ తెలుగు తన ఇంటి భాష కాని పిల్లకు? గడియారం పెట్టాలంటే పెట్టండి, కానీ "అర్థంతో" అనే మాటను వదిలేసి అంకె ఒక్కటే పట్టుకోకండి. గడగడా చదివి ఏమీ అర్థం కాని పిల్ల కంటే, మెల్లగా చదివి కథంతా చెప్పగలిగిన పిల్లే ముందుంది.

తొమ్మిదో నియమం: దేనికి పరీక్ష పెడతామో దాన్నే నేర్పుతారు. చేతిరాతకు మార్కులు పెడితే ఏడాదంతా కాపీ రాతలే రాయిస్తారు. మాట్లాడడానికి గుర్తు పెడితే పిల్లల్ని మాట్లాడిస్తారు. మన భాషలో కథ చెప్పడానికి కూడా ఒక గుర్తు ఉంటే, అవ్వ దగ్గర కూర్చుని కథ నేర్చుకోవడం కూడా చదువులో భాగమవుతుంది. పేపరు తయారుచేసేటప్పుడు, "దీనివల్ల రేపు మన గూడెం బడిలో ఏం నేర్పడం మొదలవుతుంది?" అని అడగండి.

పదోది, ఈ శిబిరంలోనే మొదలుపెట్టాల్సింది: పేపరును ముందు కొద్దిమంది మీద చూసుకోండి. ఆరేడుగురు పిల్లలు చాలు. చదువులో ముందున్నవాళ్లు కూడా అందరూ ఒకే ప్రశ్న దగ్గర తప్పుతున్నారంటే తప్పు ప్రశ్నది. పిల్లల్నే అడగండి, "ఇక్కడ నీకు ఏం అర్థమైంది?" అని. వాళ్లు చెప్పే జవాబు మనం మూడు రోజులు ఈ హాల్లో కూర్చుని మాట్లాడుకున్నదానికంటే ఎక్కువ నేర్పుతుంది.

ఇక ఫలితం ఏం చేస్తాం? ర్యాంకులు వద్దు. పేర్లు గోడకు అంటించొద్దు, వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. అమ్మకూ నాన్నకూ వాళ్ల భాషలో, వాళ్ల ఇంటి దగ్గర కూర్చుని చెప్పండి: మీ పాపకు ఇవి వచ్చు, ఇవి రావాలి, మేం ఇది చేస్తాం, మీరు ఇది చేయండి. ఏమీ చేయని పరీక్ష పిల్ల టైమును దొంగిలించడమే.

అధికారుల దగ్గరకు పోయినప్పుడు మాత్రం గొంతు పెంచుదాం. మనం దానం అడగడం లేదు. రాజ్యాంగంలో 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు సౌకర్యాలు కల్పించే ప్రయత్నం చేయాలని చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను మూడు మాటలు చెప్పింది: వీలైనంతవరకు మాతృభాషలో బోధన, పిల్లలకు భయం ఆందోళన లేకుండా చేయడం, పిల్లల అవగాహనను నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయడం. ఈ మూడూ ఒకే చోట ఉన్నాయి. చదువు మాతృభాషలో, పరీక్ష మాత్రం తెలియని భాషలో అంటే ఆ సెక్షనుకు అర్థమేముంది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, ఈ 8 భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. పుస్తకాలు తయారయ్యాయి, మన టీచర్లు ముందుకు వచ్చారు. కాబట్టి "మీ భాషల్లో కుదరదు" అని ఎవరైనా అంటే, "కుదిరింది, మీరే చేశారు" అని చెప్పండి. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లలకు దేశమంతా పెట్టిన చదువు పరీక్ష 20 భాషల్లో పెట్టారు. 20 భాషల్లో పెట్టగలిగినవాళ్లకు 21వ భాష ఎందుకు కష్టం? 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షల పైన, కోయ 4 లక్షల పైన, సవర కూడా 4 లక్షల పైన. మనం పిడికెడు మందిమి కాదు.

ఇంకో మాట. పిల్ల ఏం చెప్తుందో అర్థం చేసుకోగలిగిన మనిషి ఎదురుగా లేకపోతే, ఎంత మంచి పేపరైనా కాగితమే. ఏజెన్సీలో టీచరు పోస్టులు స్థానిక ఆదివాసులకే అని చెప్పిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. దాన్ని ఉద్యోగాల గొడవగా మాత్రమే చూస్తున్నారు. పరీక్ష వైపు నుంచి కూడా చూడండి. "కుండలో" అని రాసిన పిల్ల జవాబు ఎందుకు సరైనదో ఎవరు పట్టుకుంటారు? ఆ భాష తెలిసిన టీచరే కదా. టీచరు నియామకంలో పిల్లల భాష వచ్చో రాదో పరీక్షించమని అడుగుదాం. పిల్లకు టీచరు భాషలో పరీక్ష పెడుతున్నప్పుడు, టీచరుకు పిల్ల భాషలో పరీక్ష పెట్టడంలో తప్పేముంది?

తెలుగు వద్దని నేను అనడం లేదు. తెలుగు కావాలి, ఇంగ్లీషూ కావాలి. నేను ఇప్పుడు మాట్లాడుతున్నదీ తెలుగులోనే. భూమి పట్టా కాగితం చదవాలన్నా, గ్రామసభ తీర్మానం రాయాలన్నా, కోర్టులో కేసు అర్థం చేసుకోవాలన్నా మన పిల్లలకు గట్టి తెలుగు రావాలి. అందుకే మంచి పరీక్ష కావాలంటున్నాను. పిల్ల ఎక్కడ నిలబడి ఉందో నిజంగా చెప్పే పరీక్ష ఉంటేనే ఆమెను చెయ్యి పట్టుకుని అక్కడి నుంచి ముందుకు తీసుకుపోగలం.

ఇప్పుడు పని. మధ్యాహ్నం అన్నాలు అయ్యాక మండలాల వారీగా కూర్చోండి. నిన్నటి పేపర్లు తీసి, ఒక్కో ప్రశ్న పక్కన రెండు మాటలు రాయండి: ఇది ఏం కొలుస్తోంది? చదవకుండా జవాబు చెప్పొచ్చా? నిలబడిన ప్రశ్నలు ఉంచండి, నిలబడనివి కొట్టేయండి. పది ప్రశ్నల్లో మూడే మిగిలినా పరవాలేదు, ఆ మూడు నిజం చెప్తాయి. సాయంత్రం ఈ పక్క గూడెంలో ఆరుగురు పిల్లలతో కూర్చుందాం. వాళ్ల పెద్దవాళ్లను అడిగాను, రమ్మన్నారు.